స్నోబ్లోయర్ వెనక పీటీఓ షాఫ్టు
తెలుగు రైల్వే కుటుంబాల ఊరు ఖరగ్‌పూర్‌లో మంచు కురవదు. అయినా అక్కడి ఐఐటీ 1952 నుంచీ బోధిస్తున్న వ్యవసాయ ఇంజనీరింగ్‌లో పీటీఓ పాత పాఠమే. మన పొలాల్లో రోటవేటర్‌ను తిప్పే ఆ షాఫ్టే కెనడా పల్లెల్లో ట్రాక్టర్ స్నోబ్లోయర్‌నూ తిప్పుతుంది. మరచుట్ల ఆగర్ మంచును మధ్యకు లాగితే, ఇంపెల్లర్ గొట్టంలోంచి దూరంగా విసురుతుంది.

రాయి అడ్డుపడితే షియర్ బోల్టు తెగి గేర్‌బాక్సును కాపాడుతుంది. మళ్లీ తెగకూడదని అక్కడ గట్టి బోల్టు బిగించడం శుద్ధ అవివేకం.

అసలు ప్రమాదం షాఫ్టుతోనే. మామూలు వేగం నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు 9. మఫ్లరైనా, కండువా అయినా కొస చిక్కిందంటే లాక్కునే వ్యవధి ఉండదు. గొట్టంలో మంచు గడ్డకడితే పీటీఓ తప్పించి, ఇంజన్ ఆపి, తిరుగుడు పూర్తిగా నిలిచాకే కర్రతో తీయాలి, చేత్తో కాదు. షాఫ్టు తొడుగు పగిలితే మార్చేదాకా పని మొదలుపెట్టకూడదు.