ధాత కరువు – కాలువ పని – బాప్తిస్మాలు

నలభై ఏళ్ళ కిందటి మాట. ఒంగోలులో జరిగిన ఒక సాహిత్య సభలో మా ప్రాంతపు మతాంతరీకరణలను గురించి మాట్లాడుతూ నేను ‘బియ్యం క్రైస్తవులు’ అనే మాట వాడాను. మాట నాది కాదు. అటు ఇంగ్లీషు గ్రంథాల్లోనూ ఇటు మన వ్యాసాల్లోనూ బాగా అరిగిపోయిన మాట. కరువు వచ్చింది, జనానికి తిండి లేదు, పాదిరి గంజి పోశాడు, జనం మతం పుచ్చుకున్నారు – ఇదీ నా ఉపన్యాస సారాంశం. సామ్రాజ్యవాదం, మతం, ఆకలి, మూడూ ఒకే సూత్రంలో చక్కగా ఒదిగిపోయాయి. చప్పట్లు కూడా కొట్టారు.

సభ ముగిశాక వెనక బల్లమీద కూర్చున్న పెద్దాయన ఒకరు నా దగ్గరకు వచ్చారు. డెబ్భై దాటి ఉంటాయి. “మాస్టారూ, మా తాత గంజికి పోలా. కాలవ తవ్వాడు. ఎంత తవ్వాడో కొలిచి లెక్క చూసింది కూడా మావోడే. ఈసారి చెప్పేటప్పుడు అదిగూడా చెప్పండి” అన్నారు. నేను జవాబు వెతుక్కునేలోగా చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన నాకు కనిపించలేదు. ఆయన చెప్పమన్నది చెప్పడానికి నాకు ఇంతకాలం పట్టింది.

1876లో వానలు పోయాయి. తెలుగు లెక్కలో అది ధాత నామ సంవత్సరం. మరుసటి ఏడు ఈశ్వర. మా ముసలివాళ్ళు ‘ధాత కరువు’ అనే అనేవారు. కరువు వెంట కలరా, మశూచి వచ్చాయి. కరువు చంపిందెందరు, కలరా చంపిందెందరు అని విడదీసి లెక్క చెప్పడం ఎవరివల్లా కాలేదు. డొక్కలెండిన మనిషికి రెండు విరేచనాలు చాలు. 1877 ఒక్క సంవత్సరంలో మద్రాసు రాజధానిలో కలరా కింద రికార్డయిన చావులే మూడు లక్షలు దాటాయి. దేశం మొత్తంమీద కరువు చావులు యాభై లక్షలకు తక్కువ కావని అంచనా. కలరా ఎలా వస్తుందో అప్పటికి సర్కారు వైద్యులకే ఏకాభిప్రాయం లేదు. నీళ్ళ ద్వారా వస్తుందని లండన్‌లో జాన్ స్నో 1854లోనే చూపించినా ఇండియా సర్కారు దాన్ని ఒప్పుకోలేదు. కోఖ్ కలకత్తా వచ్చి ఆ క్రిమిని పట్టుకున్నది 1884లో.

1877 జనవరి ఒకటిన ఢిల్లీలో లిట్టన్ దర్బారు జరిపి విక్టోరియాను చక్రవర్తినిగా చాటాడు. అదే నెలలో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు వచ్చి కరువు పనుల కూలి తగ్గించాడు. మగ మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. మన్ను తవ్వే మనిషికి అది చాలదనీ, పౌనున్నర ధాన్యమూ దానికి తోడు పప్పూ కూరా కావాలనీ శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ మొత్తుకున్నాడు. కొన్ని నెలల తర్వాత కాస్త పెంచారు. ఈలోగా పోయినవాళ్ళు పోయారు. 1877–78లో ఈ దేశం నుంచి ఇంగ్లండుకు మూడు లక్షల టన్నులకు పైగా గోధుమలు ఎగుమతి అయ్యాయి. ఇదంతా మనవాళ్ళు చాలాసార్లు రాశారు. నేను మళ్ళీ రాస్తున్నది ఎందుకంటే, ఈ చట్రంలో నిలబెట్టకపోతే ఒంగోలు కథ ఒక పుణ్యాత్ముడి కథగా మిగిలిపోతుంది.

ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866లో అక్కడికి వచ్చాడు. చదువుకోక ముందు అమెరికా పడమటి రాష్ట్రాల్లో సర్వేయర్ల వెంట గొలుసు పట్టి భూములు కొలిచినవాడు. ఈ చిన్న సంగతి తర్వాత పెద్ద పనికి వచ్చింది. మొదట అగ్రవర్ణాలవాళ్ళు కొందరు ఆసక్తితో ఆయన దగ్గరకు వచ్చారు. మాదిగలను చేర్చుకుంటే మేం రాము అన్నారు. ఆయన మాదిగలనే చేర్చుకున్నాడు. అలా చేరినవారిలో ఎర్రగుంట్ల పేరయ్య ముఖ్యుడు. తోళ్ళ వ్యాపారం మీద ఊళ్ళు తిరిగినవాడు, అంతకుముందే యోగమార్గంలో గురువు దగ్గర సాధన చేసినవాడు. దొర వచ్చి పేరయ్యకు దేవుణ్ణి పరిచయం చేశాడనడం కన్నా, అప్పటికే దేవుణ్ణి వెతుకుతున్న పేరయ్య దొరను తన పల్లెలకు తీసుకెళ్ళాడనడం నిజానికి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

చేరినవారికి క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. చూడటానికి మత నియమాలే. కాని ఒక్కొక్కటీ ఊరి కట్టుబాటును నరికేదే. ఆదివారం రానంటే రైతు ఊరుకోడు. ఇక రెండోది. ఊళ్ళో కలరా పుడితే పోలేరమ్మకు కొలువు చేయాలి, దున్నపోతును కొట్టాలి, డప్పు మోగాలి. డప్పు మాదిగది. మాదిగ డప్పు ముట్టనంటే అమ్మవారికి కొలువు లేదు, కొలువు లేకపోతే ఊరికి వచ్చిన పీడ పోదు. డప్పు కొట్టనన్న పాపానికి దెబ్బలు తిన్నవాళ్ళ సంగతులు క్లౌ జ్ఞాపకాల్లో ఉన్నాయి. అంటురోగం ఊళ్ళోకి వచ్చినప్పుడు ఈ కొత్త క్రైస్తవులు నిలబడిన చోటు అది. ఒక పక్క రోగం, మరో పక్క రోగానికి కారణం నువ్వేనంటున్న ఊరు. మూడో నియమం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కరువులో మిగిలిన ఒక్క మాంసం అది. కాదనమని చెప్పడం బల్ల మీద భోజనం చేసేవాడికి సులువు.

కరువు తీవ్రమయ్యేసరికి క్లౌ ముందు రెండు దారులున్నాయి. గుడి కట్టుకుని ప్రార్థనలు చేయించడం ఒకటి, డబ్బు తెప్పించి గంజి పోయించడం రెండోది. ఆయన మూడోది చేశాడు. మద్రాసు సర్కారు కరువు పనిగా సముద్రం వెంబడి కాలువ తవ్విస్తోంది. గవర్నరు పేరు మీద తర్వాత అది బకింగ్‌హాం కాలువ అయింది. అక్కడికి పోయిన మాదిగలకు మేస్త్రీల చేతుల్లో జరిగే అన్యాయం ఆయన విన్నాడు. కొలతలో మోసం, కూలిలో కోత, తిట్లు. అందరికీ ఉన్న కష్టమే, కాని అంటరానివాడికి రెండింతలు. అందుచేత మూడున్నర మైళ్ళ కాలువ పనిని తనే కంట్రాక్టుకు తీసుకున్నాడు. ఒకప్పుడు గొలుసు పట్టిన అనుభవం అక్కరకొచ్చింది. పాదిరి కంట్రాక్టరయ్యాడు.

మరి మేస్త్రీలెవరు? పల్లెపల్లెకూ తిరిగి సువార్త చెప్పే మాదిగ బోధకులను పిలిపించి మేస్త్రీలుగా పెట్టాడు. నా సభలో ఆ పెద్దాయన ‘కొలిచింది మావోడే’ అన్నది ఇదే. తరతరాలుగా ఊరి కళ్ళంలో ఎంత పారేస్తే అంతే మేరగా తెచ్చుకున్న కులం. కొలపాత్ర ఎప్పుడూ అవతలివాడి చేతిలో ఉండేది. మొదటిసారి కొలత తమవాడి చేతికి వచ్చింది. కొలత ప్రకారం డబ్బు చేతిలో పడింది. మన చరిత్రకారులు ఈ మతాంతరీకరణలో గంజి ముంతను చూశారు గాని కొలగొలుసును చూడలేదు. నేనూ చూడలేదు.

ఇంకో సంగతి గమనించాలి. కరువులో రైతుకే గింజ లేదు, మేర ఇవ్వలేకపోయాడు. మేర ఆగిపోయాక వెట్టికి ఆధారమేమిటి? మాదిగ ఊరు విడిచి కాలువకు పోగలిగాడంటే పాత కట్టు వదులైందన్నమాట. వేర్వేరు ఊళ్ళ మాదిగలు వేల సంఖ్యలో ఒక్కచోట చేరడం, ఒకరి ఊరి సంగతి మరొకరు వినడం అంతకుముందు ఎరగనిది. నడుం వాల్చుకునే వేళల్లో బోధకులు వాళ్ళ మధ్య కూర్చుని, భారం మోసి అలిసినవాళ్ళకు విశ్రాంతినిస్తానన్న క్రీస్తు మాట చెప్పేవారట. మన్ను గంప నెత్తిన మోస్తున్నవాడికి ఆ మాట వేదాంతంగా వినిపించి ఉండదు.

ఆ రోజుల్లో క్లౌ తీసుకున్న మరో నిర్ణయం నా ‘బియ్యం క్రైస్తవులు’ సూత్రాన్ని పూర్తిగా తలకిందులు చేసింది. కరువు సాయం నడుస్తున్నంతకాలం, సుమారు పదిహేను నెలలపాటు, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అడిగినవాళ్ళు లేక కాదు. అన్నం కోసం అడుగుతున్నారేమోనన్న అనుమానం ఆయనకే ఉంది. మిషను పత్రికల్లో లెక్కలు చూపించుకుని చందాలు రాబట్టే వృత్తిలో ఉన్నవాడు, జనం గుంపులుగా వచ్చి అడుగుతుంటే తలుపు వేసి కూర్చోవడం తేలికైన పని కాదు.

1878 జూన్‌లో సాయం ముగింపుకు వచ్చింది. బోధకులతో మాట్లాడాలని కబురు పెట్టాడు. ఒంగోలులో మశూచి ఉంది కనుక ఊళ్ళోకి రావద్దనీ, ఉత్తరాన పది మైళ్ళ దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో కలుద్దామనీ చెప్పాడు. అంటురోగ కాలంలో సభాస్థలాన్ని మార్చడం మనం ఈమధ్య బాగా నేర్చుకున్నాం గాని, ఆయన అప్పుడే ఆ పని చేశాడు. జనాన్ని తీసుకురావద్దన్నా బోధకుల వెంట జనం వచ్చారు. ఇక డబ్బు లేదు, ఇళ్ళకు వెళ్ళిపొమ్మన్నాడు. మాకు డబ్బు వద్దు, బాప్తిస్మం కావాలన్నారు.

జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. మిషనరీ ప్రపంచమంతా మారుమోగిన అంకె ఆ 2,222. దాని గురించి రాసినవాళ్ళు ఎక్కువగా క్లౌ పేరే రాస్తారు. కాని ఆ రోజు క్లౌ నీళ్ళలోకి దిగలేదు. ఒడ్డున నిలబడి ఏర్పాట్లు చూశాడు. నదిలో నిలబడి ఇద్దరు చొప్పున వంతులవారీగా బాప్తిస్మం ఇచ్చినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులు. సంవత్సరాంతానికి మొత్తం 9,606.

మరి క్లౌను మెచ్చుకుని ఊరుకుందామా? ఆయన టెంపుల్ కూలిని సవాలు చేయలేదు. రేవుల్లో ఓడలకెక్కుతున్న ధాన్యాన్ని గురించి నోరెత్తలేదు. సర్కారు కంట్రాక్టు తీసుకుని సర్కారు కాలువే తవ్వించాడు. సామ్రాజ్యపు కరువు విధానంలో ఒక మూడున్నర మైళ్ళ మేర మాత్రం మనిషిని మనిషిగా కొలిచాడు. అంతకుమించి చూడటం ఆయన వల్ల కాలేదు, ఆయన ఉద్దేశమూ కాదు. అదీగాక, మనకు ఈ సంగతులు తెలిపే ముఖ్యగ్రంథం ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ 1914లో, క్లౌ చనిపోయిన నాలుగేళ్ళకు వెలువడింది. ఆయన గొంతుతో ‘నేను’ అంటూ రాసింది ఆయన రెండో భార్య ఎమ్మా. సాంఘిక సువార్త సిద్ధాంతానికి పేరుపడ్డ వాల్టర్ రౌషెన్‌బుష్‌కు ఆమె సోదరి. అంచేత అందులో సాంఘిక దృష్టి ఎంతవరకు క్లౌదో, ఎంతవరకు ఆమెదో జాగ్రత్తగా చూడాలి. గంప మోసినవాళ్ళు రాసిన పుస్తకం నాకు దొరకలేదు. ఆ పెద్దాయన చెప్పిన రెండు ముక్కలు తప్ప.

2020 మేలో ఒంగోలు పక్కన పెద్ద రోడ్డు మీద మద్రాసు నుంచి ఉత్తరాదికి నడిచిపోయే కూలీలను చూశాను. ఎండలో, పిల్లలను భుజాలకెత్తుకుని. ఆ రోడ్డుకు తూర్పున కొద్ది మైళ్ళలోనే పాత కాలువ పూడిపోయి ఉంది. ఏప్రిల్ 12న ఈస్టరు నాడు మా ఊళ్ళో గుళ్ళన్నీ మూసే ఉన్నాయి. పెద్ద సంఘాలవాళ్ళు ఆరాధనలను టెలిఫోన్ తెరల మీదికి మార్చారు. మా వీధి చివర రేకుల షెడ్డులో చిన్న సంఘం నడిపే పాస్టరుకు ఆ సదుపాయం లేదు. ఆయన సంఘంవాళ్ళు రోజుకూలీలు, వాళ్ళ చేతుల్లో అంతటి ఫోన్లు లేవు. కానుకలు ఆగిపోయాయి. తోపుడు బండి మీద కూరగాయలు పెట్టి అమ్మాడు. మిగిలినవి సాయంత్రం షెడ్డు వెనక పాకలవాళ్ళకు పంచేవాడు. ఒకరోజు నేను వంకాయలు కొంటూ, “ఇదేం పనయ్యా నీకు?” అన్నాను. “మా తాతలు కాలవ తవ్వి బాప్తిస్మం పుచ్చుకున్నారు సార్. నాకు తక్కెడ పట్టడమేం లెక్క?” అన్నాడు, తూకం కొంచెం మొగ్గేట్టుగానే వేస్తూ.

ఆ రాత్రే మా పాత ట్రంకుపెట్టె దించి చూశాను. మా తాతగారి తండ్రి కొన్న పొలాల దస్తావేజులు ఉన్నాయి. మా చదువులన్నీ ఆ పొలాల మీదే జరిగాయి. నాలుగింటిలో మూడింటి మీద ఈశ్వర నామ సంవత్సరం అని ఉంది. అమ్మినవాళ్ళు ముగ్గురూ మా ఊరి చిన్న రైతులే. సంతకం చేయడం రాక వేలిముద్రలు వేశారు. రొక్కం కొంతా, మిగతాది జొన్నలుగా ముట్టినట్టు అందులో రాసి ఉంది. ఎన్ని పుట్ల జొన్నలో చదవడానికి వీల్లేకుండా ఆ చోట కాగితం చెదలు తినేసింది.