బేస్‌బాల్ డ్రాఫ్టు

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్లు ఏటా కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే పద్ధతికి డ్రాఫ్టు అని పేరు. ఇది ఐపీఎల్ మాదిరి వేలంపాట కాదు. వంతు వచ్చిన జట్టు ఒక పేరు పిలుస్తుంది. ఆ కుర్రాడితో ఒప్పందం చేసుకునే హక్కు ఆ ఏడాదికి ఆ జట్టుదే. అడుగున మిగిలిన జట్లకు ముందు వంతు దక్కాలన్నది మూల నియమం. కావాలని ఓడిపోతున్నారన్న అనుమానాలు ముదరడంతో, 2023 నుంచి మొదటి ఆరు వంతులకు లాటరీ తీస్తున్నారు.

ఎంపిక కన్నా పెంపకం పాతది. 1920లలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ వ్యవహారాలు చూసిన బ్రాంచ్ రికీ, పేరున్న ఆటగాళ్లను కొనే స్తోమత లేక, చిన్న ఊళ్ల జట్లను చేతిలోకి తీసుకుని కుర్రాళ్లను అక్కడ ఆడించి పైకి తెచ్చుకున్నాడు. అమెరికావాళ్లు దాన్ని ఫార్మ్ సిస్టమ్ అన్నారు. మనం నారుమడి అనుకోవచ్చు. కార్డినల్స్ 1926లో తొలిసారి వరల్డ్ సిరీస్ గెలిచాక మిగతా జట్లూ అదే దారి పట్టాయి. ఇప్పుడు 30 జట్లకు నాలుగేసి చొప్పున 120 మడులున్నాయి: సింగిల్-ఏ, హై-ఏ, డబుల్-ఏ, ట్రిపుల్-ఏ.

1964లో రిక్ రైకార్ట్ అనే కాలేజీ కుర్రాడికి ఏంజెల్స్ జట్టు రెండు లక్షల డాలర్ల దాకా ముట్టజెప్పింది. యజమానులు బెంబేలెత్తారు. మరుసటి ఏడు జూన్‌లో తొలి డ్రాఫ్టు జరిగింది. మొదట పిలిచిన పేరు రిక్ మండే, పిలిచింది కాన్సాస్ సిటీ అథ్లెటిక్స్. జట్ల మధ్య సమానత్వం కోసమని పైకి చెప్పారు గానీ, కుర్రాళ్లకు బేరమాడే బలం తగ్గించడమూ అందులో ఉంది. పైగా జోస్యం తరచూ తప్పుతుంది. 1988లో 62వ రౌండులో పిలుపందుకున్న మైక్ పియాజా చివరికి హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు.

అమ్మవైపు భారతీయ మూలాలున్న బౌలర్ (అక్కడి మాటలో పిచర్) కుమార్ రాకర్‌ను డ్రాఫ్టులో మూడుసార్లు పిలిచారు. 2018లో 38వ రౌండులో కొలరాడో రాకీస్ పిలిస్తే, కాదని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 2019లో డ్యూక్ విశ్వవిద్యాలయం జట్టుకు ఒక్క హిట్టూ ఇవ్వకుండా 19 స్ట్రైకౌట్లు చేశాడు. 2021లో పదో వంతున న్యూయార్క్ మెట్స్ పిలిచి, సుమారు 60 లక్షల డాలర్లకు మాట కుదిరాక, వైద్య పరీక్షలు చూసి వెనక్కి తగ్గింది. ఏడాది తిరిగేసరికి టెక్సాస్ రేంజర్స్ మూడో వంతున 52 లక్షలకు తీసుకుంది. 2023లో మోచేతికి శస్త్రచికిత్స. 2024 సెప్టెంబరు 12న మేజర్ లీగ్‌లో తొలి ఆట.

డ్రాఫ్టు నియమాలు అమెరికా, కెనడా, ప్యూర్టోరికో కుర్రాళ్లకే. సరిహద్దు మహిమ ఆంధ్రప్రదేశ్ అంచున ఉన్న తడ వాళ్లకు కొత్త కాదు: ఊరు దాటితే తమిళనాడు, క్రికెట్ సంఘమూ మారిపోతుంది. తడలో ఒక పిల్లవాడు బేస్‌బాల్ విసరడం నేర్చాడనుకుందాం. వాడికి డ్రాఫ్టుతో పనిలేదు. 16 ఏళ్లు నిండాక ఏ జట్టుతోనైనా నేరుగా బేరమాడుకోవచ్చు. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఈటె విసిరే క్రీడాకారులు రింకూ సింగ్, దినేష్ పటేల్ అలాగే వెళ్లారు. ఒక టీవీ పోటీలో మొదటి రెండు స్థానాల్లో నిలిచి, 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో సంతకం చేశారు. దినేష్‌ను 2010లో వదిలేశారు. రింకూ గాయాలతో నారుమడి దాటలేక, 2018లో డబ్ల్యుడబ్ల్యుఈ కుస్తీలో చేరాడు.