కాశీ బాటలో నల్లమల నడక

చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న పరివారంతో కాశీకి బయలుదేరారు. తొలి మజిలీ మాధవరం.

దారిలో శ్రీశైల దర్శనానికై ఆత్మకూరు నుండి నాగలూటి, పెద్దచెరువు మీదుగా నల్లమల ప్రవేశించారు. భీముని కొలను వద్ద లోయలోనికి మెట్లు దిగి, తిరిగి మెట్లెక్కి సాగవలసిన అడవిబాట అది. వీరాస్వామయ్యగారిది పల్లకి ప్రయాణం. బోయీలది బరువు భుజాన మోసిన కాలినడక.

1831 సెప్టెంబరు 3న వారు చెన్నపట్టణం చేరారు. ఆయన మరణానంతరం మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారు 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ను అచ్చు వేయించారు.

గ్రంథకీర్తి వీరాస్వామయ్యగారిది. ఆ గ్రంథాన్ని సాధ్యం చేసిన అడుగులు బోయీలవి. చెన్నపురి తెలుగు విద్యార్థులు ఉభయులనూ స్మరించడం ధర్మం.