మొరోవాలి నికెల్ కొలుములు

మన వంటయిండ్లలోని స్టీలు పాత్రలలో పెక్కింటియందు నికెల్ అను లోహము కొంత కలిసియుండును. అది ఏ నేలనుండి వచ్చుచున్నదో విచారించువారు అరుదు. నేడు ప్రపంచమున నికెల్‌ను అత్యధికముగా త్రవ్వి తీయు దేశము ఇండోనేషియా. అందును ముఖ్యస్థానము సులవేసీ ద్వీపము. పాత భూగోళ గ్రంథములలో దీనిపేరు సెలెబీస్.

అచ్చటి ఖనిజము ఎఱ్ఱమట్టి రూపమున నేల పైపొరలలోనే దొరకును. నూరు బస్తాల మట్టిలో నికెల్ ఒకటి రెండు బస్తాలకంటె ఎక్కువ ఉండదు. ఆ మట్టిని ఓడలకెత్తి పరదేశములకు పంపుట, లాభమంతయు కరగించువారికి దక్కుట ఎంతకాలమని ప్రభుత్వము తలచి, 2014లో ముడిఖనిజపు ఎగుమతిని నిషేధించినది. 2017లో కొంత సడలించి, 2020 జనవరినుండి మరల బిగించినది. ఈ తలంపును మేము తప్పుపట్టజాలము. మన ప్రత్తి సీమకుపోయి బట్టయై తిరిగివచ్చిన కాలమును మరచితిమా?

అయితే ఖనిజము దేశముననే నిలిచిన పిమ్మట ఏమి జరిగినదనునది వేరుకథ. మధ్య సులవేసీలోని మొరోవాలి జిల్లాలో, బాహోదొపి తీరమున, చైనాకు చెందిన ట్సింగ్‌షాన్ సంస్థయు ఒక స్థానిక సంస్థయు కలిసి 2013లో పారిశ్రామిక వాటికను ఆరంభించిరి. 2023 నాటికి అందు పనిచేయువారు 70,000కు పైబడిరి. చేపలు పట్టుకొని, తోటలు సాగుచేసికొని బ్రతికిన పల్లెలలో అద్దెగదుల వరుసలు లేచినవి. ద్వీపము నలుమూలలనుండి యువకులు జీతములకై వచ్చిరి; ఆ జీతములు నిజమే, వానితో ఇండ్లు కట్టుకొన్నవారును కలరు. కాని కొలుములకు విద్యుత్తు కావలెను, విద్యుత్తుకు బొగ్గు కావలెను. బొగ్గుపొగ ఊరిమీదను, కేంద్రములు విడుచు వేడినీరు సముద్రములోను పడుచున్నవి. ఒడ్డున చేపలు కరవైనవని కురిసా పల్లెలోని జాలరుల మొర.

పనివారిలో చైనానుండి వచ్చినవారును వేలసంఖ్యలో ఉండిరి. ఒకరి భాష ఒకరికి రాదు. పొరుగున ఉత్తర మొరోవాలిలోని మరియొక కర్మాగారమున, భద్రతకొఱకును జీతములకొఱకును జరిగిన సమ్మె 2023 జనవరిలో ఘర్షణగా మారి, ఒక ఇండోనేషియా కార్మికుడును ఒక చైనా కార్మికుడును మరణించిరి. పత్రికలు దీనిని జాతివైరమని వ్రాసినవి. సమ్మెకు ముందు, 2022 డిసెంబరులో, అదే కర్మాగారమున అగ్నిప్రమాదములో ఇద్దరు పనివారు చనిపోయిన సంగతి తలచినచో, వైరము మొదట ఎవరితోనో తెలియగలదు.

ఆ ఏడే డిసెంబరు 24న, మొరోవాలి వాటికలో ఒక కొలిమిని మరమ్మతు చేయుచుండగా, లోపల మిగిలియున్న లోహపుచిట్టెము వెలికి పొంగి మంటలు లేచినవి, ప్రేలుడు సంభవించినది. మృతులు 21 మంది. వారిలో ఇండోనేషియావారును కలరు, చైనావారును కలరు.