మందుల కౌంటర్ వచ్చింది, మంచం పక్కన మనిషి రాలేదు

మద్దిలపాలెం చుట్టుపక్కల కాలనీల్లో విశాఖ పారిశ్రామిక చరిత్ర అంతా కాపురం ఉంటోంది. పోర్టులో, షిప్‌యార్డులో, రిఫైనరీలో, ఉక్కు ఫ్యాక్టరీలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసి రిటైరైనవాళ్లు పిఠాపురం కాలనీలో, హెచ్‌బీ కాలనీలో, పక్కనే ఉన్న ఎంవీపీ కాలనీలో స్థిరపడ్డారు. పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, డల్లాస్‌లోనో ఉంటారు. ఇలాంటి ఇళ్లలో ఒకటో తారీఖు రాగానే రెండు ఖర్చులు ఎదురుచూస్తుంటాయి. ఒకటి మందుల ఖర్చు, రెండోది మంచాన పడ్డవాళ్లను చూసుకునే మనిషి జీతం.

మొదటి ఖర్చు తగ్గించడానికి తెలుగు నేల మీద సహకార సంఘాలు దశాబ్దాలుగా తంటాలు పడుతున్నాయి. రెండోదాని జోలికి మాత్రం మన సహకారోద్యమం పెద్దగా పోలేదు. ఈ తేడాకు కారణం మన సహకార చరిత్రలోనే ఉంది.

తిరువళ్లిక్కేణి నుంచి సూపర్ బజార్ దాకా

1904లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన తొలి సహకార చట్టం అప్పు సంఘాలను దృష్టిలో పెట్టుకుని రాసింది. అదే ఏడాది మద్రాసులోని తిరువళ్లిక్కేణిలో కొందరు ఉద్యోగులు కలిసి సరుకుల కోసం ట్రిప్లికేన్ అర్బన్ కో-ఆపరేటివ్ సొసైటీ పెట్టుకున్నారు. దేశంలో వినియోగదారుల సహకారానికి అదే తొలి అడుగు. అప్పు సంఘాలే కాక ఇతర సంఘాలకూ చట్టం తలుపు తెరిచింది 1912లో. అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమైన విశాఖలో 1916లో సహకార బ్యాంకు పుట్టింది. కమ్యూనిస్టు నాయకుడు మానం ఆంజనేయులు చాలాకాలం ఛైర్మన్‌గా నడిపిన విశాఖపట్నం కో-ఆపరేటివ్ బ్యాంకు అదే. చిన్న జీతగాడికి అప్పు దొరికే చోటుగా అది నిలబడింది.

మందులు సహకార కౌంటర్ మీదికి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1962లో చైనాతో యుద్ధం తర్వాత ధరలు పెరగడంతో కేంద్రం వినియోగదారుల సహకార భాండాగారాలను ప్రోత్సహించింది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాక, మరుసటి నెలలోనే ఢిల్లీలో సూపర్ బజార్ తెరిచారు. ఆ ఊపులో మన జిల్లా కేంద్రాల్లోనూ సూపర్ బజార్లు వెలిశాయి. బియ్యం, పప్పులు, సబ్బులతో మొదలై కొన్నిచోట్ల మందుల కౌంటర్ల దాకా వెళ్లాయి. ఆసుపత్రి ముందు ఆ బోర్డు కనబడితే జనానికి ఒక ధీమా: బిల్లు ఇస్తారు, నకిలీ సరుకు అంటగట్టరు.

అయితే రోగి జేబులో మిగిలింది కొంచెమే. సంఘం వదులుకోగలిగేది తన చేతిలో ఉన్న చిల్లర వర్తకుడి వాటాను మాత్రమే. ధరల నియంత్రణ కిందికి వచ్చే మందులపై ఇప్పుడు 2013 నాటి ఉత్తర్వు ప్రకారం ఆ వాటా 16 శాతం. అందులోంచే అద్దె, జీతాలు, కరెంటు బిల్లు పోవాలి. కంపెనీ వేసిన ధరను కౌంటర్ వెనక కూర్చున్న సంఘం మార్చలేదు.

చీటీ మీద ఏం రాశారు?

జనరిక్ మందులు ఆ లెక్కను తిరగరాశాయి. 2008 నవంబరులో అమృత్‌సర్‌లో తొలి జన్ ఔషధి దుకాణం తెరిచారు. బ్రాండ్ ఖర్చు లేకపోతే మందు ఎంత చవకో అప్పుడు మామూలు జనానికి తెలిసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జీవనధార, 2014 తర్వాత అన్న సంజీవిని పేర్లతో జనరిక్ దుకాణాలు వచ్చాయి. వీటి నిర్వహణను పొదుపు సంఘాల మహిళా సమాఖ్యలకు అప్పగించారు. డ్వాక్రా అక్కలు మందుల షాపు యజమానులయ్యారు.

అలా కావడానికి తోడ్పడింది 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం. దేశంలో అలాంటి చట్టం తెచ్చిన తొలి రాష్ట్రం ఆంధ్రప్రదేశే. అంతకుముందున్న 1964 నాటి సహకార చట్టం కింద సర్కారు తలుచుకుంటే పాలకవర్గాన్ని తీసేసి పర్సన్ ఇన్‌చార్జిని కూర్చోబెట్టవచ్చు. కొత్త చట్టం కింద సంఘం సర్కారు వాటాధనం తీసుకోదు, సర్కారు పెత్తనం ఒప్పుకోదు. దీనికోసం హైదరాబాద్‌లోని సహవికాస సంస్థ ఏళ్ల తరబడి పోరాడింది. తర్వాతి కాలంలో మండల మహిళా సమాఖ్యలు ఎక్కువగా ఈ చట్టం కిందే రిజిస్టరయ్యాయి.

కానీ ఈ దుకాణాలకు రెండు ముళ్లు గుచ్చుకున్నాయి. లైసెన్సు కావాలంటే రిజిస్టర్డ్ ఫార్మసిస్టును జీతమిచ్చి పెట్టుకోవాలి. ఇంతకంటే పెద్దది రెండోది. డాక్టరు చీటీ మీద బ్రాండ్ పేరు రాస్తే, చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్ మందుల విషయంలో షాపువాడు దాని బదులు అదే మందును వేరే పేరుతో ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోవు. జనరిక్ పేర్లే రాయాలని 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ నిబంధన తెచ్చింది, వైద్యుల అభ్యంతరంతో అదే నెలలో పక్కన పెట్టేసింది. పరవాడ ఫార్మా సిటీలో మందులు తయారయ్యే ఈ ప్రాంతంలోనే రోగికి చవక మందు దొరకాలంటే డాక్టరు కలం దాటి రావాలి.

అయినా ఈ దారి మూసుకుపోలేదు. 2023 జూన్‌లో కేంద్రం 2,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకు జన్ ఔషధి కేంద్రాలు తెరిచే వీలు కల్పించింది. తమిళనాడు 2025 ఫిబ్రవరి 24న ఒకేసారి 1,000 ‘ముదల్వర్ మరుందగం’ దుకాణాలు తెరిచింది. అందులో దాదాపు సగం సహకార సంఘాలవే.

మంచం పక్కన

ఇక రెండో ఖర్చు సంగతి. పక్షవాతం వచ్చిన పెద్దాయనను పక్కకు తిప్పాలి, పడక పుండ్లు పడకుండా చూడాలి, ట్యూబు ద్వారా ఆహారం పోయాలి, యూరిన్ బ్యాగు మార్చాలి. ఆసుపత్రిలో నర్సమ్మ చేసే ఈ పనులు ఇంటికొచ్చాక హోమ్ నర్స్ చేతిలో పడతాయి. ఆమెను పంపేది ఏజెన్సీ. ఇంటివాళ్లు కట్టే డబ్బులో ఆమె చేతికి ఎంత వస్తుందో వాళ్లకు తెలియదు. ఆమె ఎక్కడ, ఏం నేర్చుకుని వచ్చిందో అడిగితే జవాబు సరిగ్గా రాదు. రోగి పోయిన రోజే ఆమె ఉద్యోగమూ పోతుంది.

అహ్మదాబాద్‌లో ఇలా భట్ 1972లో మొదలుపెట్టిన ‘సేవా’ (SEWA) అనే మహిళా కార్మికుల సంస్థ ఈ రెండు ఖర్చులనూ సహకారంతోనే అందుకుంది. 1990లో మంత్రసానులు, ఆరోగ్య కార్యకర్తలు సభ్యులుగా లోక్ స్వాస్థ్య సహకార సంఘం రిజిస్టరైంది. ఆ సంఘం చవక మందుల దుకాణాలు నడుపుతోంది. ఇళ్లకు వెళ్లి రోగులను, ముసలివాళ్లను చూసుకునే స్త్రీలనూ ‘సేవా’ ఒక సహకార సంఘంగా కూర్చింది.

ఇటలీలోని బొలోన్యాలో 1974లోనే ఇంటి దగ్గర రోగులను, వృద్ధులను, పిల్లలను చూసుకునే స్త్రీలు కడియాయ్ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. అలాంటి సంఘాలకు 1991లో ఇటలీ ప్రత్యేక చట్టమే చేసింది. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 1985లో మొదలైన కో-ఆపరేటివ్ హోమ్ కేర్ అసోసియేట్స్ అమెరికాలోనే అతి పెద్ద కార్మిక సహకార సంస్థగా ఎదిగింది. అక్కడ పనిచేసే మనిషే వాటాదారు. వాటా సొమ్మును జీతంలోంచి కొంచెం కొంచెంగా కట్టుకుంటుంది, పాలకవర్గానికి ఓటు వేస్తుంది.

మనకెందుకు రాలేదు?

కార్మికుల సహకారం మనకు కొత్త కాదు. చేనేత కార్మికుడికి సంఘం ఉంది, గీత కార్మికుడికి ఉంది, విశాఖ తీరంలో వేటకు వెళ్లే మత్స్యకారుడికీ ఉంది. వీళ్లంతా ఒక పేటలో, ఒక ఊళ్లో కలిసి ఉంటారు. నేసిన చీరకు, పట్టిన చేపకు లెక్క ఉంటుంది. ఇంట్లో రోగిని చూసుకునే స్త్రీకి పక్కన తోటి పనివాళ్లు ఉండరు. ఒక్కతే ఒక ఇంట్లో పన్నెండు గంటలో, ఇరవై నాలుగు గంటలో డ్యూటీ చేస్తుంది. తనలాంటి వాళ్లు ఇంకెవరున్నారో తెలిసేది ఏజెన్సీ ఫోనుకే. సంఘం పుట్టాలంటే ముందు పదిమంది ఒకచోట కూర్చోవాలి. ఆమె పని పద్ధతే ఆ అవకాశం ఇవ్వదు.

ఇక్కడే మందుల షాపు అక్కరకొస్తుంది. సమాఖ్య నడిపే దుకాణానికి అడ్రసు ఉంటుంది, ఖాతా ఉంటుంది, నెలనెలా వచ్చే అవే ఇళ్లు ఉంటాయి. మాత్రలు కొనే ఇల్లే రేపు మనిషి కోసం అడుగుతుంది. దుకాణం మిగులుతో శిక్షణ ఇప్పించవచ్చు. ఒక ఇంట డ్యూటీ అయిపోయిన వెంటనే మరో ఇల్లు చూపించవచ్చు, ఖాళీగా ఉన్న రోజులకు సంఘం నిధి నుంచి ఎంతో కొంత ఇవ్వవచ్చు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, 1995 నాటి చట్టం చాలు. కావలసింది తొలి రెండేళ్లు నష్టం ఓర్చుకునే మూలధనం, పేరు ప్రభుత్వంతో పాటు మారిపోని దుకాణం.

జీవనధార నుంచి అన్న సంజీవినికి వచ్చేసరికి బోర్డు మారింది. యజమాని ప్రభుత్వమేనని జనం అనుకోవడానికి ఆ ఒక్క మార్పు చాలు. అక్కలు నిజంగా యజమానులైతే తమ దుకాణానికి పేరు వాళ్లే పెట్టుకుంటారు, మంచం పక్కన మనిషినీ అందులో సభ్యురాలిని చేసుకుంటారు.