మండువా ఇంట్లో సైరన్

"ఆగు బాబూ, ఆగు! గడపకి బెజ్జం పెట్టేస్తావా ఏంటి?"

డ్రిల్లింగ్ మిషన్ గుర్రుమని ఆగిపోతుంది. మీరు అరుగు మీద, చెప్పులు విడిచిన చోటే నిలబడి చూస్తున్నారు. అంబాజీపేట పక్క ఊళ్ళో పాతకాలం నాటి మండువా లోగిలి. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడప ముందు అలారం బిగించడానికొచ్చిన రాజమండ్రి కుర్రాడు గొంతుక్కూర్చుని ఉన్నాడు. పొద్దున్నే బండి మీద రావులపాలెం, కొత్తపేట మీదుగా దిగాడు. "గడపకి కాదండమ్మా, పైన ద్వారబంధానికండి. కిందైతే చీపురు తగిలి ఊడిపోద్ది కూడానండి," అంటూ స్టూలెక్కుతాడు. అమ్మగారికి నమ్మకం కుదరలేదు. మామిడి తోరణం కట్టే మేకు పక్కనే పెట్టమని చెప్పి, పెట్టేదాకా అక్కడే నిలబడింది.

అతను బిగిస్తున్నది రెండు తెల్లటి ముక్కలు. తలుపు రెక్క మీదిది అయస్కాంతం. ద్వారబంధం మీదిదాంట్లో చిన్న గాజు గొట్టం, అందులో రెండు సన్నటి రేకులు. అయస్కాంతం దగ్గరుంటే రేకులు అతుక్కుని ఉంటాయి. తలుపు తెరిస్తే విడిపోతాయి, అంతే, సర్క్యూట్ తెగుతుంది. వైరు కత్తిరించినా తెగినట్టే లెక్క. మధ్య ఎడం బొటనవేలి మందం కూడా లేకుండా చూస్తున్నాడు. ఎందుకని మీరడిగితే, "వానాకాలం తలుపు ఉబ్బుద్దండి. సగం మూసి గడియ ఎలాగోలా పెట్టేస్తారు. అప్పుడు ఎడం పెరిగిపోయి అర్ధరాత్రి దానంతటదే మోగుద్దండి," అంటాడు. ఈ ముక్క కంపెనీ పుస్తకంలో ఉండదు. రెండు వర్షాకాలాలు కోనసీమ తలుపులతో పడ్డవాడికే తెలుస్తుంది.

ఈ ఇంటి మాస్టారు దంపతులు వచ్చే వారం డాలస్ వెళ్తున్నారు, కొడుకు దగ్గరికి, ఆరు నెలలకి. ఈ లోగిలికి తాళం వేసే అవసరం ఇన్నాళ్ళూ రాలేదు. ఎవరూ లేకపోతే ముసలమ్మ ఒకరైనా వసారాలో మంచం వేసుకుని పడుకునేది. ఇప్పుడు ఆ వీధిలోనే ఇంకో మూడు ఇళ్ళకి తాళాలు కనిపిస్తున్నాయి మీకు.

మండువా దగ్గరికొచ్చేసరికి కుర్రాడు తల గోక్కుంటాడు. కేటలాగు బొమ్మల్లో ఇంటికి పూర్తిగా కప్పుంటుంది. ఇక్కడ ఇంటి నడిమధ్యన ఆకాశం ఉంది. ఎండ పడుతుంది, వాన పడుతుంది, పెంకుల మీంచి పిల్లి దిగుతుంది. మోషన్ సెన్సర్ చూసేది మనిషిని కాదు, వేడిని. మనిషి ఒంటివేడి, అంతకంటే చల్లగా ఉన్న గోడల ముందు ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగినప్పుడు పసిగడుతుంది. ఎండ వేడెక్కించిన నేల మీద పిల్లి పరిగెత్తినా దానికి అనుమానమే. ఇంకో చిక్కు రోహిణీ కార్తెలో వస్తుంది. గదిలో గోడలే ఒంటివేడికి సమానంగా కాలిపోతుంటే సెన్సర్‌కి సగం చూపు పోయినట్టే. ఉష్ణోగ్రతను బట్టి సర్దుకునే రకం కాస్త ఖరీదెక్కువ. అదే వేయమన్నారు మాస్టారు. మంచి పని చేశారు.

అయితే మండువాలో ఏం పెట్టాలి? కుర్రాడు కాసేపు అటూ ఇటూ తిరిగి, "ఇక్కడేం పెట్టనండి," అనేస్తాడు. పైన ఇనుప చువ్వలు ఎలాగూ ఉన్నాయి. వాటిని కోసుకుని దిగినవాడు ఏదో ఒక గదిలోకి వెళ్ళాలి కదా. మండువాలోకి తెరుచుకునే తలుపులన్నిటికీ అయస్కాంతాలు, బీరువా ఉన్న పడమటి గదిలో సెన్సర్. అన్నీ కాపలా కాయబోతే ఏదీ కాయనట్టే అవుతుందని ఈ కుర్రాడికి ఎవరు చెప్పారో గానీ, ఆ ఒక్క నిర్ణయానికే అతని కూలి గిట్టింది.

"మాస్టారూ, ఇప్పుడు మీరే దొంగండి. గుమ్మంలోంచి బీరువా దాకా నడవండి."

మాస్టారు పంచె ఎగ్గట్టి, నిజంగానే మునివేళ్ళ మీద నడుస్తారు. ఏడడుగుల ఎత్తున, మూలన ఉన్న తెల్లడబ్బాలో ఎర్రలైటు ఠక్కున వెలుగుతుంది. ఈసారి డబ్బాకేసి తిన్నగా రమ్మన్నాడు. దాదాపు దగ్గరికొచ్చేదాకా వెలగలేదు. అడ్డంగా నడిచేవాణ్ణి పట్టినంత చురుగ్గా ఎదురొచ్చేవాణ్ణి పట్టదది. కుర్రాడు మూల మార్చి మళ్ళీ బిగిస్తాడు. ఆ గోడ మీది బల్లి మాత్రం అలాగే ఉంది. రేపు అది సెన్సర్ ముఖం మీద పాకితే మోగదన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

నిప్పు సంగతి దొంగతనం కంటే చిక్కు. అమ్మగారు శుక్రవారం శుక్రవారం ఇల్లంతా సాంబ్రాణి వేస్తారు. ఎండుమిరపకాయల తాలింపుకి వీధి చివర వాళ్ళు కూడా దగ్గుతారు. పొగ డిటెక్టర్ లోపల చిన్న చీకటి గదిలాంటిది ఉంటుంది. అందులో ఒక కాంతి కిరణం పోతుంటుంది. పొగ రేణువులు చొరబడి ఆ కాంతిని చెదరగొడితే మోగుతుంది. అగరొత్తి పొగో, కొంప అంటుకున్న పొగో దానికి తెలియదు. వాన పడ్డ రాత్రి లైటు చుట్టూ మూగే ఉసిళ్ళు దూరినా అంతే. అందుకని దేవుడి గదిలో, వంటింట్లో పొగది వద్దని, వంటింటికి 57 డిగ్రీల దగ్గర స్పందించే హీట్ డిటెక్టర్ తెచ్చాడు. పొగవి పడకగదుల్లోనే.

తర్వాత నిచ్చెన వేసుకుని అటక ఎక్కుతారు కుర్రాడూ, మాస్టారూ. మీరూ తల పెట్టి చూడండి. చీకట్లో కురిడీ కాయలు గుట్టగా పోసి ఉన్నాయి, నెలల తరబడి ఎండుతూ, తొక్క పీచుతో సహా. వాటి పక్కనుంచే పాత వైరు వేలాడుతోంది. పెంకుల కింద వేడికి ఊపిరాడదు. నన్నడిగితే, ఈ ఇంట్లో భయపడాల్సింది బీరువాకి కాదు, ఈ అటకకి. కుర్రాడు మాట్లాడకుండా 57 డిగ్రీలది సంచిలో వేసేసి, అంతకంటే ఎక్కువ డిగ్రీలది తీస్తాడు. మే నెల మధ్యాహ్నం ఇక్కడ ఆ 57 మరీ దూరమేం కాదు. "దీనికంటే ముందు ఆ వైరు మార్పించండి మాస్టారూ," అంటాడు దిగుతూ.

గ్యాస్ డిటెక్టర్‌ని వంటింట్లో నేలకి అడుగు ఎత్తున పెడుతుంటే అమ్మగారికి వింతగా ఉంది. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, నేలబారున పాకుతుంది. పైపులో వచ్చే సహజవాయువైతే తేలిక, దానికి కప్పు దగ్గర పెట్టాలి. మోగితే లైటు స్విచ్ వేయకూడదు, తీయకూడదు, ఫ్యాన్ జోలికి పోకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు తెరిచి, బయటికొచ్చి 1906 కి ఫోన్ చేయాలి. "వాసన తెలుస్తుందిగా బాబూ," అన్నారావిడ. మాస్టారు ఒక్క మాటే అన్నారు: "నగరంలో తెలిసిందా?"

ఇక్కడ నగరం అంటే మామిడికుదురు మండలంలో ఊరు. 2014 జూన్ 27న తెల్లవారుజామున అక్కడ గెయిల్ పైపులైన్ నుంచి చేరిన గ్యాస్ ఒక్కసారిగా అంటుకుంది. నిద్రలో ఉన్నవాళ్ళతో సహా ఇరవైమందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. వంటగ్యాసుకి ఆ కంపు మనకి తెలియడం కోసం కలిపినది. పెద్ద పైపుల్లో పోయే వాయువుకి అది ఉండదు. ఇంట్లో గోడకి పెట్టిన డబ్బా ఆ ప్రమాదాన్ని ఆపగలిగేది కాదు. కానీ ఆ తర్వాత కోనసీమలో గ్యాస్ అన్న మాటకి ఎవరూ నవ్వరు. అమ్మగారు ప్లగ్గు ఖాళీ చేసి ఇచ్చారు.

చివరికి ప్యానెల్. 12 వోల్టుల బ్యాటరీ, లోపల మోగినప్పుడు ఫోన్ చేయడానికి ఒక సిమ్ కార్డు. కరెంటు పోయినా కొన్ని గంటలు నిలబడుతుంది. సిమ్ రీఛార్జ్ అయిపోతే మాత్రం నోరు పడిపోతుంది. "మొదటి నంబరు ఎవరిదండి?"

"మా అబ్బాయిది."

"ఇక్కడ రాత్రి రెండింటికి మోగితే ఆయనకి మధ్యాహ్నం మూడున్నరండి. ఆఫీసులో ఉంటారు. ఆయన మళ్ళీ ఇక్కడికే కదండీ చెయ్యాలి?"

మాస్టారు పక్కింటి వైపు చూస్తారు. అంతలో కుర్రాడు సైరన్ టెస్టు నొక్కాడు. చెవులు మూసుకోండి. కొబ్బరితోట మీది కాకులన్నీ లేచిపోయాయి. రెండు నిమిషాల్లో వాకిట్లో పదిమంది. తాటాకు ఇళ్ళ రోజుల్లో వేసవిలో ఒక కేక వినపడితే బిందెలతో పరిగెత్తి, పక్కింటి కప్పు ముందే లాగి పడేసేవాళ్ళమని ఒక పెద్దాయన చెబుతున్నాడు. ఇంకొకరు పోలీసుల ఎల్‌హెచ్ఎంఎస్ సంగతి ఎత్తారు. యాప్‌లో ఊరెళ్తున్నామని చెబితే వాళ్ళే వచ్చి తాళం వేసిన ఇంట్లో కెమెరా పెడతారు, పైసా తీసుకోరు. అదీ పెట్టిద్దామన్నారు మాస్టారు.

"తమ్ముడూ, మొదటి ఫోను నీకే వచ్చేలా పెడుతున్నాను. కోడ్ కూడా నీకు చెప్తా, ఊరికే మోగితే ఆపేద్దువుగాని."

పక్కింటాయన రెండడుగులు వెనక్కి వేస్తాడు. "ఫోను పెట్టండి, అర్ధరాత్రయినా లేచొస్తాను. కోడ్ మాత్రం నాకొద్దండి. రేపు చెంబు పోయినా నామీదకొస్తుంది."

ఎవరూ మాట్లాడరు. కుర్రాడే అందుకున్నాడు. "ఆయ్, మీకు వేరే కోడ్ ఇస్తానండి. ఎవరి కోడ్‌తో, ఏ టైముకి ఆపారో ప్యానెల్‌లో రాసి ఉంటుందండి. మాస్టారు వచ్చాక మీది తీసేయొచ్చు."

"ఆ రాసింది చెరపడానికి అవదా?"

"మీకూ అవదండి, మాస్టారికీ అవదండి."

"అయితే పెట్టెయ్," అని ఆయన కళ్ళజోడు కోసం ఇంట్లోకి కేకేశాడు.