సున్నయు, హళ్లియు

"హళ్లికి హళ్లి, సున్నకు సున్న" యని మన పల్లెలలో పెద్దలనుచుందురు. చేతికేమియు చిక్కలేదనుటకు ఆ మాట. అవి రెండును వేర్వేఱు గుఱుతులని యెఱిగినవారు నేడరుదు. శ్రోతలకు వాని కథ కొంత విన్నవించెదను.

అంకెకు విలువ నిలిచిన తావునుబట్టి కలుగును. కుడికొసను ఒకట్లు, దాని కెడమను పదులు, ఆపైని నూఱులు. ఒక్కొక్క స్థానమునకు పదింతలు. ఆర్యభటుడు 499 ప్రాంతమున ఈ సంగతి సంగ్రహముగా చెప్పెను. నేను బడిలో మూడువందల ఆఱు వ్రాయుమన్నచో కొందఱు పిల్లలు 3006 అని వ్రాయుచుండిరి. వారి తప్పేమి? విన్నది విన్నట్లు వ్రాసిరి. సున్న చెవికి వినబడదు, పలకమీదనే కనబడును.

హనుమకొండ వేయిస్తంభముల గుడిలో కాకతి రుద్రదేవుని శాసనము శకవర్షము 1084 నాటిది, అనగా క్రీ. శ. 1163. అందలి సున్న జాఱినచో 184 అగును. తొమ్మిదివందల యేండ్లు మాయమగును. శాసనకవులు పెక్కుచోట్ల సంవత్సరమును మాటలలో బిగించుట యిందుకు మేలైన కట్టుబాటు. వేదములు నాలుగు, దిగ్గజములెనిమిది, గగనము శూన్యము, చంద్రుడొకడు. "వేద గజ గగన చంద్ర" యన్నచో ఒకట్లనుండి యెడమకు వ్రాసికొనుచు పోయి 1084 అని చదువవలెను.

మన పాత తెలుగు లెక్కలు ఇంకను ముచ్చటైనవి. ఒకటికి పైని పదింతలుగా ఎక్కి, దిగువను నాల్గవ పాళ్లుగా దిగుచుండిరి. రూపాయలో నాల్గవ పాలు పావులా, పావులాలో నాల్గవ పాలు అణా. పావులాలకు నిలువుగీతలు, అణాలకు అడ్డగీతలు. పావులాల స్థానము శూన్యమైనచో హళ్లి, అణాల స్థానము శూన్యమైనచో సున్న. అయిదు రూపాయల మూడణాలనగా అయిదు, హళ్లి, మూడడ్డగీతలు. అయిదు రూపాయల పన్నెండణాలనగా అయిదు, మూడు నిలువుగీతలు, సున్న. గీత తీరునుబట్టియే స్థానము తెలియును గదా, హళ్లి యేల యందురేమో. ఖాళీతావున పిదప నెవడైన ఒక గీత చేర్చవచ్చును. హళ్లి ఆ తలుపు మూయునని నా యూహ. 1957 ఏప్రిల్ 1న రూపాయకు నూఱు నయాపైసలు వచ్చెను. గీతల లెక్కకు పని తగ్గెను, సామెత నిలిచెను.

నల్లగొండ, మహబూబునగరు జిల్లాల రైతులకు ఈ తలుపు మూయుట ప్రాణావసరముగా నుండెను. నిజాము కాలపు కచ్చేరి కాగితములు మొదట ఫారసీలో, పిదప ఉర్దూలో నడచెను. ఉర్దూలోను పెద్ద స్థానము ఎడమనే యుండును. అయితే అందు సున్న యొక చిన్న చుక్క మాత్రమే. వ్రేలిముద్ర వేసిన అప్పుకాగితమున 50కి కుడిప్రక్క ఒక్క చుక్క పడినచో 500. ఆ చుక్కను చదువగలవారు ఊరికి ఎందఱుందురు? 1946 మొదలు 1951 వఱకు నల్లగొండ జిల్లాలో సాగిన రైతు పోరాటమునకు వెట్టితోను, భూముల ఆక్రమణతోను అప్పుల భారమును ఒక కారణమయ్యెను.

ప్రామిసరీ నోటులో అంకెల ప్రక్కనే "అక్షరాల" అని మాటలలో వ్రాయుట నేటికిని కలదు. శాసనకవి చేసినదియు నదియే. అంకెల చివర ఏటవాలుగీతయు, దాని ప్రక్క అడ్డగీతయు గీయుదురు గదా, అది మఱియొక సున్నకు చోటీయకుండుటకు.